దూరం గదిలో చిల్లుల మొక్క

అనగనగా ఒక ఊళ్ళో, గోదావరి ఒడ్డున, మూడో అంతస్తులో ఒక ఇల్లు. ఆ ఇంటికి వకుళ అని ఒక కొత్త కోడలొచ్చింది. ఆ వారమే కడియం నర్సరీ నుంచి ఒక మొక్కా వచ్చింది. పెరట్లో పెట్టేది కాదే తల్లీ, హాల్లో సోఫా పక్కన పింగాణీ కుండీలో పెట్టుకునేది. ఒక్కో ఆకూ చేటంత. ప్రతి ఆకుకీ చిల్లులే.

"అయ్యయ్యో, పురుగు కొట్టేసిన మొక్కని అంటగట్టారే!" అని అత్తగారు హైమావతమ్మ గుండెలు బాదుకుంది.

"పురుగు కాదే, దాని జాతే అంత. వానలు కురిసే అడవిలో పుట్టిందట," అన్నాడు మామగారు.

అప్పుడు హైమావతమ్మ ఊరుకుందా? "సరే. కోడలూ ఇదీ ఒకేసారి గడప దాటాయి. ఇది పచ్చగా ఉంటే పిల్ల కాలు మంచిదన్నట్టు. ఎండిందా, పిల్లని పుట్టింట్లో దింపి రావడమే," అంది.

వకుళ నివ్వెరపోయింది. మొక్కకీ తనకీ ఒకటే జాతకమా! మొగుడు శ్రీకరం వైపు చూసింది. అతను పేపరు చదువుకుంటున్నాడు. మొగుళ్ళకి సరిగ్గా అలాంటప్పుడే పేపరు దొరుకుతుంది, అదేం చిత్రమో.

పైగా మొక్కని తాకే హక్కు వకుళకి లేదు. కొత్త చెయ్యి కదా, ఎలాంటిదో! ముద్దు చేసేవాళ్ళు మాత్రం ముగ్గురు. పొద్దున్నే అత్తగారు పూజ చేసి కలశంలో నీళ్ళన్నీ కుండీలో వంపేది. ఆ తర్వాత మామగారు ఆకులు నిగనిగలాడాలని కొబ్బరినూనె రాసేవాడు. ఆ తర్వాత శ్రీకరం, బలమని, కాఫీ గ్లాసులో మిగిలింది పోసేవాడు. ఒకరు చేసేది ఒకరికి తెలీదు. ప్రేమంటే పొయ్యడమే అనుకునే ఇల్లు అది.

ఇంకేముంది! ఆకులు పసుపుపచ్చబడ్డాయి. ఒకటి వాలింది. ఇంకోటి వాలింది. మూడోది లేతది, విచ్చుకోకుండా చుట్ట చుట్టుకుని అలాగే ఉండిపోయింది.

హైమావతమ్మ వేలు కుండీ వైపు వెళ్ళలేదు, వకుళ వైపు వెళ్ళింది. "చూశారా! ఈ పిల్ల నీడ పడింది!"

ఒక్కసారైనా తాకని మొక్కని వకుళ చంపిందట!

ఆ రోజే వకుళకి నెలసరి వచ్చింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఆ మూడు రోజులూ వెనక గదిలో దూరంగా కూర్చోవాలి. చాప వేరు, కంచం వేరు. దేవుణ్ణి తాకకూడదు, ఆవకాయ జాడీ తాకకూడదు. మొక్కల దగ్గరికి అసలే పోకూడదు, మాడిపోతాయట! ఏం, నోరు తెరిచావు? తెరవాల్సిందే తల్లీ, తెరిచే ఉంచు.

"నాలుగో రోజు తలస్నానం చేసి పుట్టింటికి బయల్దేరు. పెట్టె నేను సర్దుతాను," అంది హైమావతమ్మ. "ఆ చచ్చిన మొక్కని కూడా ఆ గదిలోనే పడెయ్యండి. ఇంక దానికి మైల తగిలితే ఏంటి, తగలకపోతే ఏంటి."

అలా ఆ రెండు ప్రాణాలూ ఒక గదిలో పడ్డాయి.

మొదటి రోజు గదంతా ఒకటే కంపు. వకుళ కుండీ దాకా వెళ్ళి చెయ్యి వెనక్కి లాక్కుంది. తాకితే నిజంగా మాడిపోతుందేమో! ఆ భయం తనలోనూ ఉందని తెలిసి ఆమెకి దిమ్మతిరిగింది. అప్పుడు తాకింది. ఏమీ కాలేదు. కుండీ వంచితే కాఫీ రంగులో మురిగిన నీళ్ళు బొళబొళా కారాయి. మట్టి కాదది, ఊబి. నీళ్ళన్నీ బాల్కనీ తూములోకి వంపేసింది. ఇంతలో ఆఖరి గుక్క పోద్దామని అత్తగారు కలశంతో వచ్చింది. గదిలో వకుళని చూసి, "అబ్బే, మైల," అని గడప దగ్గరే వెనక్కి తిరిగింది.

రెండో రోజు వకుళ తడిగుడ్డతో ఆకులు తుడిచింది. నూనె, ఆ నూనెకంటుకున్న దుమ్ము, గుడ్డ నల్లగా అయిపోయింది. ఇంత ముసుగు కింద ఎలా ఊపిరి తీసుకుందో పాపం! మామగారు నూనె సీసాతో వచ్చి, గడప దగ్గర కాసేపు తచ్చాడి పోయాడు.

మూడో రోజు కుండీని కిటికీ పక్కకి జరిపింది. ఎండ సూటిగా కొట్టకుండా పల్చటి కర్టెన్ వేసింది. మట్టిలో వేలు గుచ్చి చూసి, "ఇంకా తడుంది, ఇవాళ నీళ్ళొద్దులే," అని మొక్కకే చెప్పింది. శ్రీకరం కాఫీతో వచ్చి, గడప చూసి, వకుళని చూసి, ఆ మిగిలింది తనే తాగేశాడు.

నాలుగో రోజు హైమావతమ్మ పెట్టె తెచ్చి గడప ముందు పెట్టి, తలుపు తోసి కెవ్వుమంది. తండ్రీకొడుకులు పరిగెత్తుకొచ్చారు. చుట్ట చుట్టుకున్న ఆకు విచ్చుకుంది! లేతాకుపచ్చగా, కొత్త చిల్లులతో, చేటలా.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే అత్తయ్యా. మూడు రోజులూ నేనే. మీరెవరూ లోపలికి రాలేదు కాబట్టి బతికింది."

"నా నూనె ఇప్పటికి పనిచేసింది," అన్నాడు మామగారు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

హైమావతమ్మ గడప మీదే కూలబడింది. "మరి... మా అత్తగారి కరివేప?" అంది. "కాపరానికొచ్చిన కొత్త. దూరం కూర్చున్న రోజుల్లో మర్చిపోయి రెండు రెబ్బలు తుంచాను. చెట్టు ఎండిపోయింది. నా చెయ్యి తగిలే ఎండిందని ఆవిడ నాకు వాత పెట్టింది."

"ఆ చెట్టు మొదట్లో ఏం పోసేవారత్తయ్యా?"

"ఏముంది, ఆవిడ అన్నం వార్చిన గంజి..." హైమావతమ్మ మాట ఆగిపోయింది. "మరిగే గంజి. రోజూ."

ఆవిడ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది, ఇన్నాళ్ళూ అది ఎవరిదో అన్నట్టు. ఆ తర్వాత అదే చేత్తో కోడలి పెట్టె ఎత్తి అటక మీద పెట్టేసింది.

పై నెల దూరం రోజుల్లో వకుళ తన చాప తెచ్చి, తిరిగి హాల్లోకి చేరిన మొక్క పక్కనే పరిచింది. హైమావతమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసి, కలశంలో నీళ్ళు తీసుకెళ్ళి తూములో పోసేసింది.

వేరుకు గాలి, ఆకుకు వెలుగు,
అడ్డొచ్చిన గడపా, అవతలికి తొలుగు!
మొక్కేమో కిటికీకి, కథేమో కంచికి,
కళ్ళు మూసుకో తల్లీ, మనమిక మంచానికి.