మంచులో బంతి ఎవరిది?

మంచుకోనలో పొద్దు తొందరగా చస్తుంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క లోయ. చలికాలం వచ్చిందంటే, పశువులు ఇంకా మేత మీద ఉండగానే లోయలోంచి మంచు లేస్తుంది. ముందు గడ్డిని మింగుతుంది, తర్వాత పొదల్ని, ఆ తర్వాత చెట్ల మొదళ్ళని. చివరికి కనిపించేది బయలు మధ్యనున్న ముసలి మద్దిచెట్టు తల ఒక్కటే.

ఆ బయలే జంతువుల ఆటస్థలం. అక్కడ ఆడేది కర్రబంతి. ఎండిన మారేడుకాయకి అడ్డతీగ నార చుట్టి బంతి చేస్తారు. ఒకరు విసిరితే ఒకరు కర్రతో బాదాలి. బాది, నాలుగు రాళ్ళూ చుట్టి ఇంటిరాయికి చేరాలి. ఈలోగా అవతలివాళ్ళు బంతిని గాల్లోనే పట్టారా, బాదినవాడి పని సరి. ఏటా మాఘ పున్నమికి ఆవలికోన జట్టుతో పెద్ద ఆట ఉంటుంది. గెలిచిన కోనకి వేసవంతా చెలమ నీళ్ళు. ఓడిన కోనకి బురద.

ఆ పెద్ద జట్టుకి కోచ్‌గా ఉండిన ఎలుగుబంటి అప్పన్న కార్తీకంలో పోయాడు. మంచులోకి లేచిన బంతి కోసం తల పైకెత్తి పరిగెత్తాడు, కాలికింద లోయ అంచు చూసుకోలేదు. మర్నాడు అప్పన్న లోయ అడుగున దొరికాడు. బంతి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పుష్యం వచ్చింది. కోచ్ చోటు ఖాళీగానే ఉంది. అది తనకు కావాలన్నాడు నక్క సింహాచలం. తాబేలు కూర్మయ్యకి ఇవ్వాలన్నాడు ఎద్దు గంగులు. కూర్మయ్య మాత్రం పంచాయతీకి రాకుండా బయల్లో పిల్లలకి ఆట నేర్పుకుంటున్నాడు.

గంగులు పన్నెండేళ్ళు కాడి మోసి, ఒకరోజు ఇక చాలనుకుని పలుపు తెంచుకుని అడవికి వచ్చేసిన ఎద్దు. నాలుగు కాళ్ళూ నేలలో పాతి నిలబడ్డాడంటే ఏనుగు తోసినా కదలడు. అలాగే నిలబడ్డాడు పంచాయతీలో, కోనకి పెద్దదైన ఏనుగు గౌరమ్మ ఎదుట.

"పెద్దమ్మా, కూర్మయ్య పదేళ్ళుగా పిల్లల జట్టుని చూస్తున్నాడు. ఒక్కరోజు మానలేదు. వానొస్తే తల డిప్పలోకి లాక్కుని లోపల్నుంచే పాఠం చెప్పాడు. ఆ పిల్లలు చలికి నా పొట్టకింద చేరతారు కదా, వాళ్ళ కబుర్లన్నీ నాకు తెలుసు. పొద్దు వాలాక ఒక్కో తలా లెక్కపెట్టి గానీ ఆయన కదలడు. పదేళ్ళలో ఒక్క తల తగ్గలేదు."

"అంతా బాగుంది గంగులు మావా," అన్నాడు సింహాచలం తోక సవరించుకుంటూ. "పరిగెత్తలేనివాడు పరుగు నేర్పడమేమిటి? ఆయన మొదటి రాయి నుంచి రెండో రాయికి చేరేసరికి పున్నమి పోయి అమావాస్య వస్తుంది."

కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

"సానరాయి కూర తరగదురా," అన్నాడు గంగులు. "కత్తికి పదును పెడుతుంది."

"నా పేరులోనే సింహం ఉంది మావా. ఆవలికోన వాళ్ళు పేరు వింటేనే బెదరాలి."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ."

సింహాచలం ఆ మాట విననట్టే గౌరమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, పెద్ద జట్టూ పిల్లల జట్టూ రెండూ నాకే అప్పగించండి. పాపం ముసలాయనకి విశ్రాంతి. పిల్లల్ని మంచులో నేనే ఆడిస్తాను, నేనే ఇళ్ళకి తోలుకొస్తాను." అని మూతి ఒకసారి నాక్కున్నాడు.

గంగులు వీపు మీద చర్మం జలదరించింది. మంచులో ఒక కుందేలుపిల్ల తగ్గిందనుకో, నక్క ఎవరికి లెక్క చెబుతాడు? పడిపోయిందంటాడు. లోయ ఉండనే ఉంది.

పంచాయతీ తేలలేదు. మంచు మోకాళ్ళ దాకా వచ్చింది. అందరూ లేవబోతుండగా లోయ వైపు నుంచి గొంతు వినిపించింది.

"బంతి ఎవరిది?"

బొంగురు గొంతు. నోట్లో తడిమట్టి ఉన్నట్టు ఈడ్చి ఈడ్చి పలికింది. అది అప్పన్న గొంతు. కోతుల నవ్వు గొంతుల్లోనే ఆగిపోయింది. ఎవరూ పలకలేదు. చీకట్లో పేరు తెలియని పిలుపుకి పలకకూడదని తల్లులు పిల్లలకి చెప్పేదే కదా. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇళ్ళకి పోయారు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ గొంతు. ఈసారి మద్దిచెట్టు దగ్గర్నుంచి.

"నేను అప్పన్నని. నా చోటు సింహాచలానికి ఇవ్వండి. లేకపోతే మంచు దిగదు."

సింహాచలం నేలకి మూతి ఆనించి దండం పెట్టాడు. "నాకెందుకు అప్పన్న మావా ఇంత బరువు! సరే, నీ మాట తీసేస్తానా?" అని కళ్ళు తుడుచుకున్నాడు.

మూడో సాయంత్రం ఇంకా వివరంగా పలికింది. "కూర్మయ్య మాస్టారు ముసలివాడైపోయాడు. పిల్లల జట్టు కూడా సింహాచలానికే ఇవ్వండి. ఇవ్వకపోతే ఇంటికొకరిని లోయలోకి పిలుచుకుంటాను."

తల్లి కుందేళ్ళు వణికిపోయాయి. గౌరమ్మ చెవులు కూడా కదలడం మానేశాయి. "రేపు సాయంత్రం తేల్చేద్దాం," అంది ఏనుగు. "చచ్చినవాడి మాట కాదంటే కోనకి అరిష్టం."

"చచ్చినవాడి మాట కంటే బతికున్నవాడి పని నమ్ముతాను నేను," అన్నాడు గంగులు.

"నీకేం, ఒంటి ఎద్దువి. పిల్లలున్నవాళ్ళం మేము," అంది ఒక కుందేలు. ఆ మాట గంగులుకి ములుకర్రలా గుచ్చుకుంది. ఆవిడ పిల్లలే తన పొట్టకింద వెచ్చబడేది.

మర్నాడు మధ్యాహ్నం గంగులు కూర్మయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆట మధ్యలో కునుకు వేళ. పిల్లలు ఎప్పట్లాగే గంగులు పొట్టకింద దూరి, ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోయారు. కూర్మయ్య పక్కనే కూర్చుని విడిపోయిన బంతి నారని నోటితో బిగిస్తున్నాడు.

"నాకా పోటీ వద్దు గంగులూ," అన్నాడు. "నా పని నేను చేసుకుంటాను."

"చేసుకోనిస్తే కదా? పదవి నీ గొప్ప కోసం కాదయ్యా. ఈ పదకొండు తలల కోసం."

కూర్మయ్య నార ముడి బిగించి బంతిని పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "మంచులో బంతి లేచినప్పుడు నేను 'ఎవరిది?' అని అడుగుతాను చూశావా? పట్టేవాడు 'నాది, మాస్టారూ' అనాలి. మిగిలినవాళ్ళు 'నీదే' అని ఆగిపోవాలి. అప్పుడు ఒకరినొకరు గుద్దుకోరు, అంచు దాకా పోరు. పెద్దవాళ్ళకి కూడా ఇది నేర్పుదామని అప్పన్నని బతిమాలాను. నవ్వాడు. 'ఒరే డిప్పా, అది పిల్లల ఆటరా' అన్నాడు. ఆ రోజు ఎవరైనా ఒక్కసారి 'ఎవరిది' అని అడిగి ఉంటే..." అని తల లోపలికి లాక్కున్నాడు.

గంగులు నెమరు వేయడం ఆపాడు. "నిన్ను డిప్పా అనేవాడా?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అదే పిలుపు. ఒక్కరోజు పేరుతో పిలవలేదు."

"మరి నిన్ను మాస్టారు అనేదెవరు?"

"నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు."

ఆ మాటకే కాబోలు, పొట్టకింద ఒక కుందేలుపిల్ల కళ్ళు మూసుకునే "నాది, మాస్టారూ," అంది. దానికి నిద్రలోనే కముజుపిట్టపిల్ల "నీదే," అని జవాబిచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

గంగులు ఆ రెండు పిల్లల్నీ అలా చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు. "కూర్మయ్యా, ఆ బంతి నాకివ్వు. సాయంత్రం పిల్లల్ని తీసుకుని నువ్వు కూడా పంచాయతీకి రా. మాట్లాడక్కర్లేదు, ఊరికే రా."

సాయంత్రం మంచు ముందుకంటే దట్టంగా లేచింది. గౌరమ్మ మద్దిచెట్టు ఎదుట నిలబడింది. చుట్టూ జంతువులు ఒళ్ళు ఒళ్ళు రాసుకుని నిలబడ్డాయి. ఎవరి తోక ఎవరిదో తెలియడం లేదు. సింహాచలం అప్పుడే కోచ్ అయిపోయినట్టు ఇంటిరాయి ఎక్కి కూర్చున్నాడు.

"అప్పన్నా," అంది గౌరమ్మ. "చివరిసారి అడుగుతున్నాను. నీ చోటు ఎవరికి?"

చెట్టు తొర్రలోంచి బొంగురు గొంతు మొదలైంది. "సింహాచలానికి... పిల్లలు కూడా... సింహా..."

అప్పుడు గంగులు తల వంచి, కొమ్ముల మధ్య బంతి పెట్టుకుని, ఒక్క విసురున పైకి ఎగరేశాడు. మారేడుకాయ మద్దికొమ్మలు దాటి మంచులోకి పోయింది.

కూర్మయ్యకి ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ మంచులోకి బంతి లేచిందంటే ఆయన గొంతు ఆగదు.

"ఎవరిది?"

"నాది, మాస్టారూ!"

సన్నగా, గలగలమంటూ, తొర్రలోంచే వచ్చింది జవాబు. ఆ వెనకే గోరింక చిట్టెమ్మ బాణంలా బయటికి వచ్చి, బంతి నారని రెండు కాళ్ళతోనూ పట్టుకుని, బరువు ఆగక గిరగిరా తిరుగుతూ గౌరమ్మ ముందు దబ్బున పడింది.

"నీదే!" అన్నారు పదకొండు మంది పిల్లలూ.

చిట్టెమ్మ బంతి మీద నిలబడి చుట్టూ చూసింది. తనేం చేసిందో అప్పుడు తెలిసింది దానికి. నాలుగేళ్ళ కిందట కూర్మయ్య దగ్గర మూడో రాయి కాసిన పిట్ట అది. ఎవరి గొంతు వింటే ఆ గొంతు పలకగలదు. నేర్చిన అలవాటుని మాత్రం నోట్లో దాచుకోలేకపోయింది.

"పిట్ట కొంచెం, కూత ఘనం," అంది గౌరమ్మ తొండం దించి. "ఈ కూత ఎవరు నేర్పారే?"

"సింహాచలం బావే, పెద్దమ్మా. పెద్ద జట్టులో చోటిస్తానన్నాడు. తప్పైపోయింది, మాస్టారూ." చిట్టెమ్మ కూర్మయ్య వైపు చూడలేకపోయింది.

"క్యాచ్ మాత్రం బాగా పట్టావు," అన్నాడు కూర్మయ్య.

కోన అంతా ఒక్కసారి నవ్వింది. మూడు రోజుల భయం ఆ నవ్వులో పోయింది. సింహాచలం రాయి దిగి, "పిట్ట మాటలు నమ్ముతారా..." అని నసిగాడు.

"నాలుగు సాయంత్రాలు మా గుండెలు ఆపేశావు కదే," అంది తల్లి కుందేలు చిట్టెమ్మని.

"నాలుగు కాదు పిన్నీ, మూడే." చిట్టెమ్మ రెక్కలు దగ్గరికి లాక్కుంది. "మొదటి సాయంత్రం నేనిక్కడ లేను. కొండమీద పుట్ట దగ్గర చెదలు తింటున్నాను. బావే పరిగెత్తుకొచ్చి, 'అప్పన్న గొంతు విన్నావా, అచ్చం అలా పలకగలవా' అని అడిగాడు."

నవ్వు ఆగిపోయింది. అందరూ సింహాచలాన్ని చూశారు. నక్క కళ్ళు లోయ వైపు ఉన్నాయి.

"అయితే మొదటిరోజు..." అన్నాడు గంగులు.

"బంతి ఎవరిది?"

లోయలోంచి. బొంగురుగా, తడిగా, ఈడ్చి ఈడ్చి. చిట్టెమ్మ గంగులు మూతి కిందే ఉంది. దాని ముక్కు మూసుకునే ఉంది, ఆకులా వణుకుతోంది.

సింహాచలం తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, కొండ ఎటుందో కూడా చూడకుండా పరుగు తీశాడు. నాలుగు రాళ్ళనీ అంత తొందరగా చుట్టినవాడు ఆ కోనలో ఇంతవరకూ లేడు.

మిగిలినవాళ్ళు కదలలేదు. కదిలింది కూర్మయ్య ఒక్కడే. అడుగు తీసి అడుగు వేస్తూ, లోయ వైపు.

"కూర్మయ్యా, వద్దు!" అన్నాడు గంగులు. జీవితంలో మొదటిసారి ఆ ఎద్దు కాళ్ళు బలంతో కాక భయంతో నేలకి అంటుకుపోయాయి.

"అడిగినవాడికి జవాబు చెప్పాలి కదా," అన్నాడు కూర్మయ్య. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు." అంచుకి మూరెడు దూరంలో ఆగాడు. పిల్లలకి చెప్పేచోటే అది, ఆగమని. మెడ చాచి మంచులోకి పిలిచాడు.

"నాది, అప్పన్నా."

మంచు కదలలేదు. చెట్టు కదలలేదు. చాలాసేపటికి, చాలా కింది నుంచి, వచ్చింది జవాబు.

"నీదేరా, డిప్పా."

అంచు మీంచి బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. నార కుళ్ళి, నాచు పట్టి, లోయ అడుగు బురద వాసన వేస్తూ. నెమ్మదిగా దొర్లి కూర్మయ్య డిప్పకి తగిలి ఆగింది.

"ఇంకెవరి సిఫారసైనా కావాలా?" అన్నాడు గంగులు.

గౌరమ్మ తొండం ఎత్తి కూర్మయ్యకి దండం పెట్టింది. కూర్మయ్య అది చూడలేదు. వెనక్కి తిరిగి తలలు లెక్కపెడుతున్నాడు. పదకొండు. చిట్టెమ్మతో కలిపి పన్నెండు.

ఆ మాఘ పున్నమికి మంచుకోన పెద్దలు కూడా సిగ్గు లేకుండా "నాది", "నీదే" అని అరుచుకుంటూ ఆడారు. చెలమ నీళ్ళు వాళ్ళవే అయ్యాయి. సింహాచలం ఇప్పటికీ మంచు లేచే వేళకి అవతలి గట్టున కూర్చుని ఊళ వేస్తాడు. ఎవరూ పలకరు.

గొంతు అరువుకి దొరుకుతుంది గానీ, పదేళ్ళు పడ్డ పాటు అరువుకి దొరకదు.