లోయకు దిగిన కణుజు

వెండిగట్టు అడవి ఒక పెద్ద కొండ మీద ఉండేది. ఆ కొండ శిఖరం మబ్బుల్ని దాటి పోయింది. అడవిలో కుందేళ్లు, ముళ్లపందులు, గుంపులుగా వేటాడే రేచుకుక్కలు ఉండేవి. జింకల్లో పెద్ద జాతి అయిన కణుజులు కూడా ఉండేవి.

కణుజులకు ఒక ఆచారం ఉంది. చలి మొదలు కాగానే మంద మొత్తం వాగు వెంట నడిచి లోయలోకి దిగుతుంది. పిల్లతల్లులు అన్నిటికంటే ముందు నడుస్తాయి.

ఆ ఏడు ఉక్కుకొమ్ము అనే మగ కణుజు మందకు నాయకుడైంది. దానికి ఈ ఆచారం నచ్చలేదు.

"దిగడం ఏమిటి, సిగ్గు లేకుండా! సూర్యుడు ఎక్కడున్నాడు? పైన. మనం ఎంత పైకి పోతే అంత దగ్గరవుతాం, అంత వెచ్చగా ఉంటాం. ఈసారి చలికాలం శిఖరం మీదే!" అంది.

మందంతా తల ఊపింది. పొన్ని అనే ఆడ కణుజు ఊపలేదు. దాని పక్కన చిన్న పిల్ల ఉంది.

"పైన వెచ్చగా ఉంటే శిఖరం మీద మంచు ఎందుకు కరగడం లేదు, నాయకా?" అని అడిగింది పొన్ని.

"నన్నే ప్రశ్నిస్తావా?"

"నిన్నే. జవాబు చెప్పు."

ఉక్కుకొమ్ము నేలను కాలితో తన్నింది. "నిన్ను వెలివేస్తున్నా. పో, లోయలో కప్పలతో కాపురం చెయ్యి! రేచుకుక్కలు వస్తే మమ్మల్ని పిలవకు."

కొన్ని కణుజులు పకపక నవ్వాయి.

"వెలివెయ్యి. నా పిల్లను మాత్రం మంచుకు ఇవ్వను," అంది పొన్ని. పిల్లను ముందు నడిపించుకుంటూ వాగు వెంట దిగింది. ఒక్కటి కూడా దాని వెంట రాలేదు.

లోయలో గాలి వెచ్చగా ఉంది. గడ్డి పచ్చగా ఉంది. కొండ మీది నీరంతా కిందికి పారి అక్కడ మడుగు కట్టింది.

ఒక ఉదయం రేచుకుక్కలు రానే వచ్చాయి. పొన్ని పిల్లను మడుగు మధ్యలో ఉన్న రాతి మీదికి చేర్చింది. తాను రొమ్ములోతు నీళ్లలో అడ్డంగా నిలిచింది.

"ఒంటరిదానివి. ఎంతసేపు నిలుస్తావే?" అని గుర్రుమంది ఒక రేచుకుక్క.

"నాయకుడికే తల వంచలేదు. నీకు వంచుతానా? దిగి చూడు!"

రేచుకుక్క దిగింది. దాని కాళ్లకు నేల అందలేదు. పొన్ని ముందు కాళ్లతో ఒక్కటిచ్చింది. అది నీళ్లు మింగి, దగ్గుతూ ఒడ్డుకు పడింది. మిగిలినవి కాసేపు మొరిగి వెళ్లిపోయాయి.

పైన మంద శిఖరం ఎక్కుతోంది. ఎక్కేకొద్దీ గాలి పలచబడింది. నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. ఎండ కళ్లను మిరుమిట్లు గొలిపింది గానీ చలి తగ్గలేదు. పలచని గాలిలో వేడి నిలవదు. తినడానికి గడ్డి లేదు. నీరంతా మంచుగడ్డ అయింది.

"ఊపిరి అందడం లేదు, నాయనా," అంది ఒక ముసలి కణుజు.

"తిని కొవ్వెక్కారు. నడవండి!"

"తాగడానికి నీళ్లేవి?"

ఉక్కుకొమ్ము మంచుగడ్డను కొమ్ముతో పొడిచింది. కొమ్ము విరిగింది. గడ్డ పగల్లేదు. అప్పుడది కొండ అంచున నిలబడి, "వాగూ, పైకి రా! ఇది నా ఆజ్ఞ!" అని అరిచింది.

దూరాన వాగు కిందికే పారుతోంది.

ముసలి కణుజు వెనక్కి తిరిగింది. "వాగు నీ ఆజ్ఞను లెక్కచేయలేదు. ఇక మేమూ చేయం," అంది. మందంతా దాని వెంట దిగింది.

ఉక్కుకొమ్ము వాటిని తిట్టబోయింది. తిట్టడానికి ఊపిరి చాలలేదు. దిగడం నామోషీ అనుకుని అక్కడే నిలబడింది. ఆ సాయంత్రం మంచు కురిసి దారి మూసుకుపోయింది. మళ్లీ దాన్ని ఎవరూ చూడలేదు.

మంద లోయకు చేరి పొన్ని ముందు తల దించుకుంది.

"క్షమించు తల్లీ. ఇకనుంచి నువ్వే మాకు నాయకురాలివి. నువ్వు ఏం చెబితే దానికి తల ఊపుతాం," అంది ముసలి కణుజు.

"ఆ తల ఊపడమే వద్దు," అంది పొన్ని. "నేను తప్పు చెప్పిన రోజు నన్నూ ఎదిరించాలి. ఒప్పుకుంటేనే ఉండండి. లేదంటే వేరే లోయ చూసుకోండి."

నీతి: గాలి, నీరు, ఎండ ఎవరి ఆజ్ఞకూ లొంగవు. తప్పని తెలిసిన ఆజ్ఞను ఒంటరిగానైనా ఎదిరించాలి.