పదివేల ఒక్క ఇటుక

లెక్కల గురువు అనంతాచారి గారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే మా ఊళ్ళో ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్ళు తక్కువ. ఆయన పెరడు మాత్రం ఎప్పుడూ శుభ్రం.

ఆయన శిష్యుల్లో నూకరాజు తాపీమేస్త్రి. గురువుగారి బడి ముంగిట పరవడానికి మిల్లు యజమాని సర్వేశ్వరరావు తన తల్లి పేరున ఇటుకలిచ్చాడు. సున్నాతో ముగిస్తే శుభం కాదని, మనవాళ్ళ అలవాటు చొప్పున పదివేల మీద ఒకటి కలిపి ఇచ్చాడు. ఒక్కటీ మిగలకూడదు, ఒక్కటీ విరగకూడదు, వరుసలన్నీ సమానంగా రావాలి అన్నాడు. పుణ్యం చేసేవాళ్ళకి షరతులెక్కువ.

అంటే పదివేల ఒకటిని, ఒకటీ అదీ కాక, వేరే ఏదో ఒక సంఖ్య శేషం లేకుండా భాగించాలి. అలాంటిది లేకపోతే అది ప్రధాన సంఖ్య. ఇటుకలన్నీ ఒకే వరుసగా పరుచుకుంటూ పక్క ఊరి దాకా పోవాలి. భాజకమంటూ ఉంటే నూరులోపే ఒకటి దొరుకుతుందని, అందులోనూ ప్రధాన సంఖ్యలు ఇరవై అయిదే చూస్తే చాలని గురువుగారు ఏనాడో నేర్పారు. నూకరాజు రెండుతో మొదలుపెట్టి డెబ్బై ఒకటి దాకా ఇరవై చూశాడు. ఏదీ శేషం లేకుండా పోలేదు.

సాయంత్రం నాలుగింటికి సర్వేశ్వరరావు వస్తాడు. ఏదీ పోకపోతే, మీ తల్లిగారి ఇటుక మిగిలిపోతుందని ఆయన ముఖానే చెప్పాలి. చెప్పాక అది తప్పని తేలితే నూకరాజుని ఇంకెవరూ పనికి పిలవరు. మూడు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. వాళ్ళావిడ మిగిలిన కూర మా ఇంటికి పంపుతోంది, కాబట్టి ఈ సంగతి నాకు రూఢిగా తెలుసు.

"ఎంత వెతికితే లేదని చెప్పొచ్చు, గురువుగారూ?" అని అడిగాడు.

ఆచారిగారు తాళాలగుత్తి ఒకటి అతని ముందు పడేశారు. "కొట్టుగది తెరిచి కొలతాడు పట్రా."

గుత్తికి ఇరవై అయిదు తాళంచెవులు. నూకరాజు ఒక్కొక్కటే పెట్టి తిప్పాడు. ఎండ గోడ దిగిపోతోంది. ఇరవయ్యోది కూడా తిరగకపోయేసరికి సుత్తి అందుకున్నాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వణుకుతోంది.

"ఏరా, ఆగిపోయావు?"

"పగలగొట్టాక చెవి దొరికితే నా గతేంటండీ?"

"ఇంకెన్నున్నాయి?"

"అయిదండి."

గురువుగారు వక్క నోట్లో వేసుకున్నారు. నూకరాజు మిగిలిన అయిదూ పెట్టి చూశాడు. ఏదీ పట్టలేదు. అప్పుడు సుత్తి ఎత్తి ఒక్కటే దెబ్బ వేశాడు. తాళం ఊడిపడింది.

కొలతాడు సంగతి మరిచిపోయి నూకరాజు పలక ముందు కూలబడ్డాడు. డెబ్బై మూడుతో భాగించాడు. నూట ముప్పై ఏడు వచ్చింది; శేషం సున్నా. నమ్మలేక మళ్ళీ చేశాడు. మళ్ళీ సున్నా. గేటు దగ్గర కారు ఆగింది.

లేచి చెమట తుడుచుకుంటూ అడిగాడు: "ఇదీ, మిగతా నాలుగూ కూడా పోకపోయుంటేనో, గురువుగారూ?"

"రెండోసారి సుత్తి ఎత్తినప్పుడు నీ చెయ్యి చూశాను," అన్నారు ఆచారిగారు. "వణకలేదు."