అయ్యగారి పేరున్న రేకు

రేవు అధికారి గజపతిరావుకి తన పేరంటే మహా ప్రీతి. పడవకి దారి చూపే కొత్త యాంటెన్నా పెట్టించి, వానకి తడవకూడదని దానిమీద తన పేరు రాసిన ఇనపరేకు కప్పించాడు. పడవ నడిపే సరంగు నూకయ్య వద్దన్నా వినలేదు. మొదటి పొగమంచుకే పడవ ఇసుకదిబ్బ ఎక్కింది.

“అంత యంత్రం ఉండగా దారి తప్పుతావా? నీ ఉద్యోగం ఊడినట్టే,” అన్నాడు గజపతిరావు, విచారణకొచ్చిన పై అధికారి ముందు.

నూకయ్య తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. “అది ఆకాశంలో ఉపగ్రహాల్ని చూసి దారి చెబుతుందండి. ఆవేళ పైకి చూస్తే తమరి పేరే అడ్డమొచ్చింది. తమరి పేరు నమ్ముకుని పోతే ఎక్కడికి చేరతామో అక్కడికే చేరాం.”

పై అధికారి నవ్వాపుకోలేకపోయాడు. రేకు ఆ పూటే దిగింది. ఇప్పుడది ఎండుచేపల మీద కప్పుతున్నారు, పేరు పైకి కనపడేలా.