రాజుగారి మాట రాజుగారికే

ఏ పటంలో వెతికినా దొరకని ఒకానొక రాజ్యంలో రణధీరవర్మ అనే రాజు ఉండేవాడు. కత్తి పట్టడంలో గట్టివాడే గానీ, నడివయసులో ఆయనకు తర్కం మీద మోజు పుట్టింది. దాంతోపాటే తనను మించిన తార్కికుడు లేడన్న నమ్మకమూ పుట్టింది. ఆయన నోరు తెరవడమే ఆలస్యం, ఆస్థాన పండితులు ఆ మాటనే వల్లించి తలలూపేవారు.

రాజు కోటగోడ పక్కన కొత్త మేడ కట్టించి, పడక అక్కడికి మార్చాడు. గోడకు అవతలే అటుకుల వీధి. అక్కడి ఆడవాళ్ళు కోడి కూయకముందే రోకళ్ళు అందుకుంటారు. ఆ చప్పుడుకు రాజుగారి నిద్ర చెడింది. వీధి వీధంతా ఊరవతలి చవిటిపర్రకు పోవాలన్నాడు. ఆ ఉప్పునేలలో వడ్లు నానబెట్టడానికి నీళ్ళూ లేవు, అటుకులు కొనే నాథుడూ లేడు.

ఉత్తినే పొమ్మంటే తార్కికుడెలా అవుతాడు? అందుకని ఒక వాదం రాసి నిండు కొలువులో చదివించాడు.

"నిద్రలేని రాజు తీర్పు తప్పుతుంది. ఇది నిదర్శనం. తీర్పు తప్పితే రాజ్యం చెడుతుంది. ఇది యుక్తి. పదిమంది మేలు కోసం కొందరు కష్టపడవలసిందే. ఇది నీతి."

చదవడం అయ్యాక రాజు మీసం దువ్వుకుని, "దీన్ని ఎవరైనా ఖండిస్తే ఆజ్ఞ రద్దు. పూనుకుని ఖండించలేకపోతే వాళ్ళూ ఆ వీధితోపాటే పోవాలి" అన్నాడు.

పండితులు నేల చూపులు చూశారు. సింగమ్మ లేచింది.

సింగమ్మ కొలువులో కథలు చెప్పే మనిషి. గురువు దగ్గర నేర్చిన చదువు కాదు ఆమెది. వాదాలు జరిగే చోట ఓ మూల కూర్చుని, విని విని పట్టుకున్నది. ఆమె తల్లి ఇప్పటికీ అటుకుల వీధిలోనే అటుకులు దంచుతోంది. సింగమ్మ రాజు ఎదుటికి వచ్చి నిలబడింది.

"ప్రభూ, వాదానికి ఒక కట్టుబాటుంది. ఎదుటివారి మాటను ఖండించే ముందు, ఆ మాటను నేనే చక్కగా చెప్పి, 'ఔను, నేనన్నది అదే' అని వారి నోట అనిపించాలి. అనుమతి ఇప్పించండి."

"కానీయ్."

"కొత్త మేడకు వచ్చింది మొదలు ప్రభువులకు నిద్ర లేదు. కాబట్టి అప్పటినుంచి ఇచ్చిన తీర్పులన్నీ తప్పాయి. ప్రభువులన్నది ఇదేనా?"

"నా తీర్పు ఒక్కటీ తప్పలేదు."

"మంచిది. నిద్ర చెడినా తీర్పు చెడదన్నమాట. అలాగైతే రాజ్యమూ చెడదు. నిదర్శనం పోయింది, దాని భుజాన ఎక్కిన యుక్తీ దిగిపోయింది. ఇక మిగిలింది నీతి. పదిమంది కోసం కొందరు కష్టపడాలి. ఇక్కడ నిద్ర ఒకరిది, బతుకు వీధెడు మందిది. ఆ లెక్కన కష్టపడవలసింది..."

"అది కాదు నేనన్నది" అని రాజు అడ్డం వచ్చాడు. "నిద్ర చెడగొట్టేవాళ్ళను పొమ్మనే హక్కు ఉంటుందంటున్నాను."

"రాజుకేనా, ఎవరికైనానా?"

పండితులందరూ రాజు వంకే చూస్తున్నారు. ఆయన రొమ్ము విరుచుకుని, "ధర్మమన్నాక అందరికీ ఒకటే" అన్నాడు.

"ఎంత మాట సెలవిచ్చారు. మా అమ్మ కునుకు తీసే వేళకు కోటలో నగారా మోగుతుంది. అది ఆగితే ఏనుగులు అందుకుంటాయి. ఇక మా అమ్మ ఈ కోటను చవిటిపర్రకు పొమ్మనవచ్చు. ప్రభువులన్నది ఇదేనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇదీ కాదు." రాజు చేయి మీసం మీదే ఆగిపోయింది. "ఇంతకీ మరి నేనన్నదేమిటి?"

"నాకు తోచింది మనవి చేస్తాను. 'తెల్లారగట్ల నాకు ఇంకాసేపు పడుకోవాలని ఉంది.'"

రాజు మీసం మీది చేయి దించి, "ఔను. నేనన్నది అదే" అన్నాడు.

"ఈ మాటను ఖండించడం నా తరం కాదు ప్రభూ. నాకూ రోజూ అలాగే ఉంటుంది. కాకపోతే దీనికి వీధి కదలనక్కర్లేదు, మంచం కదిలితే చాలు. పాత పడకగది ఖాళీగానే ఉంది కదా."

రాజుకు ముందు పెదవి కదిలింది, తరవాత పొట్ట కదిలింది, ఆపైన నవ్వు ఆగలేదు.

"ఖండించలేనని నువ్వే ఒప్పుకున్నావు. షరతు ప్రకారం నువ్వూ ఆ వీధితోపాటే పోవాలి. ఆ వీధి ఎక్కడికీ పోవడం లేదు కనుక, నువ్వూ ఇక్కడే ఉండు" అంటూ చేతి కంకణం తీసి ఇచ్చాడు. "ఇకమీదట ఏ ఆజ్ఞకైనా ముద్ర వేసే ముందు, అందులో నేనన్నదేమిటో నువ్వు నాకు చెప్పాలి. దానికి నెలనెలా జీతం."

అంతలోనే ఆయనకు అనుమానం వచ్చింది. "అదేమిటి సింగమ్మా, నా మాట నాకు చెప్పడానికి జీతమా?"

సింగమ్మ పండితుల వరుస వంక ఒకసారి చూసి చేతులు జోడించింది.

"ఇన్నాళ్ళూ ఇస్తున్నది అందుకే కదా, ప్రభూ."