బాగానే ఉన్నానండీ

ఆశీర్వాదం అయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఆయన దగ్గర సేవ నేర్చుకుని పల్లెలకు వెళ్లిన పాస్టరు ఎంతటివాడైనా సరే, శనివారం వచ్చి ఆయన ఇంటి అరుగు మీద కూర్చోవాలి. "ఎలా ఉన్నావు?" అని అడుగుతారు. అంతే. ఆ ఒక్క ప్రశ్నకే చెమటలు పట్టినవాళ్లున్నారు.

జెకర్యా మూడేళ్లుగా వస్తున్నాడు. కొండకింది పల్లెలో ఒంటరి బతుకు. మొదట్లో కారే పైకప్పు దగ్గర్నుంచి తన కోపం, తన అనుమానాల దాకా అన్నీ ఏకరువు పెట్టేవాడు. ఈమధ్య చెప్పడం తగ్గించేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వందనాలు చెప్పి వెళ్లిపోతారు. ఇక వారమంతా ఆ గదిలో అతనూ, గోడమీద బల్లీ. ఊరందరి కోసం ప్రార్థన చేసేవాణ్ణి తిన్నావా అని అడిగే దిక్కు లేదు. మూడు నెలలుగా మోకరిస్తే మాటే రావడం లేదు. పాస్టరై ఉండి ఆ సంగతి ఎలా చెప్తాడు? పరువు పోదూ! అడిగినప్పుడల్లా "ప్రభువు కృపలో బాగానే ఉన్నానండీ" అనేసి లేచిపోతున్నాడు.

ఆ శనివారం తెగించి అడిగేశాడు. "అయ్యగారూ, నా గుండెలో ఏముందో దేవుడికి తెలుసు. ఆయనకు చెప్పుకుంటే చాలదా? మళ్లీ మనిషికి చెప్పుకోవడం ఎందుకండీ? వచ్చేవారం నుంచి నేను రాను." అన్నాడే గాని, ఆయన వద్దని పట్టుబడితే బావుండునని లోపల ఎంతగానో అనిపించింది.

అయ్యగారు పట్టుబట్టలేదు. "సరే నాయనా. బావిలో పూడిక తీస్తున్నారు, చూసొద్దాం పద" అన్నారు.

చర్చి వెనక బావి అది. లోపల గాలి ఎలా ఉందోనని దీపం దించి, ఆరలేదని చూసుకున్నాకే గురవయ్య లోపలికి దిగాడట. అతని నడుముకు కట్టిన మోకు పట్టుకుని గట్టుమీద బామ్మర్ది కోటయ్య కూర్చున్నాడు. ఉండుండి వంగి "బావా!" అంటాడు. అడుగునుంచి "ఆఁ!" అని వస్తుంది. కేకలెయ్యడానికి ఒక మనిషా అనుకున్నాడు జెకర్యా.

"బావా!"

"ఆఁ... బాగానే ఉన్నాలేరా, బాగానే ఉన్నా."

కోటయ్య దిగ్గున లేచాడు. "పట్టండి బాబూ, లాగండి!" అని అరిచాడు. ముగ్గురూ కలిసి లాగారు. పైకి రాగానే గురవయ్య తిట్లు లంకించుకున్నాడు. "నాకేమైందిరా, బాగానే ఉన్నానంటుంటే" అంటూనే మోకాళ్లు మడతబడి గట్టుమీద కూలబడ్డాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది.

జెకర్యా కోటయ్య వైపు తిరిగాడు. "బాగున్నానన్నాడు కదా కోటయ్యా! నీకెలా తెలిసింది?"

"గాలి చెడితే లోపలున్నోడికి తెలవదండీ. మా బావ ఎప్పుడూ 'ఆఁ' అని ఊరుకుంటాడు. బాగున్నానని ఏనాడూ అనడు. ఇరవై ఏళ్లుగా వింటున్నా కదా!"

ఇద్దరూ తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు. అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు. "ఎలా ఉన్నావు జెకర్యా?"

"ప్రభువు కృపలో..." అని మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది.

అయ్యగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"మునుపు నువ్వు ఆ మాట అనేవాడివి కాదు నాయనా" అన్నారు.