చీమలు ముట్టని ముగ్గు

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు ఆడించకు మరి. కాళ్ళు ఆడిస్తే కథ బెదిరి పారిపోతుంది.

అనగనగా ఒక సముద్రం, దాని ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎల్లాజీ అని ఒక పడవవాడు, నూకాలు అని అతని పెళ్ళాం, ఉయ్యాల్లో ఒక పాప. సముద్రం మొదట వాళ్ళు వలలు ఆరేసుకునే చోటు తినేసింది. ఆ తర్వాత పొయ్యి తినేసింది. ఆ తర్వాత ఓ పొద్దున ఉయ్యాల కిందకే నీళ్ళొచ్చాయి. పాప కిలకిలా నవ్వింది కానీ నూకాలు దాన్ని చటుక్కున ఎత్తుకుంది.

"ఈ గుంటని నానెక్కడ పడుకోబెట్టేది?" అని ఏడ్చింది.

అప్పుడు ఎల్లాజీ ఊరి వెనకాల పల్లంలో చోటు చూశాడు. నీళ్ళు పడతాయో లేదోనని గొయ్యి తవ్వితే తెల్లటి మెత్తటి మట్టి వచ్చింది. "భూదేవి ముగ్గు కూడా ఇచ్చేసిందే!" అని మురిసిపోయి, ఆ మట్టితోనే కొత్త ఇంటికి ముగ్గు పోశాడు. కట్టేముందు గోడలు ఎక్కడ లేస్తాయో నేల మీద తెల్లగా గీస్తారు చూడు, అదన్నమాట. గుమ్మం రావలసిన చోట నూకాలు పద్మం కూడా వేసింది.

అప్పుడు చీమలు బారులు తీరి వచ్చాయి. వచ్చి, వాసన చూసి, ఒక్క రేణువైనా ముట్టకుండా వెళ్ళిపోయాయి. చీమ తినని ముగ్గు ఇంటికి అచ్చిరాదని నూకాలు బెంగ పెట్టుకుంది.

ఆ రోజుల్లో సుభద్రమ్మ అని ఒకావిడ ఒడ్డంతా తిరిగి ఇసక పోగుచేసుకునేది. సముద్రం పాత సంగతులు చదివే మనిషి. ఊళ్ళోవాళ్ళు పిచ్చిదనుకునేవాళ్ళులే, వాళ్ళకేం తెలుసు. నూకాలు ఆవిణ్ణే పిలిచింది.

"ఇదేటమ్మా, సీమలు కూడా ముట్టుకోట్లేదు?"

సుభద్రమ్మ ముగ్గు పక్కన బోర్లా పడుకుని భూతద్దం పెట్టింది. "ఇది పిండి కాదు నూకాలూ. అన్నీ ఇళ్ళే. నువ్వూ చూడు" అంది.

నూకాలు చూసింది. అబ్బ! ఒక్కో రేణువూ ఒక గుల్ల. గుల్ల నిండా గదులు, గదిని చుట్టుకుని గది. సముద్రంలో ఉండే, ఆవగింజ కంటే చిన్న ప్రాణి, పెరిగినకొద్దీ ఇంకో గది కట్టుకునేది. కట్టుకుని, కట్టుకుని, ఓ రోజు నిద్రపోయేది. ఆ తర్వాత దాని ఇల్లు ఆకుపచ్చలోంచి నీలంలోకి, నీలంలోంచి చీకట్లోకి, మెల్లగా, మెల్లగా దిగి, అడుగున పడుకునేది.

"ఈ రకం గుల్లలు చల్లటి నీళ్ళలో ఎడమకి తిరుగుతాయి, వెచ్చటి నీళ్ళలో కుడికి" అంది సుభద్రమ్మ. "ఇవన్నీ కుడికే ఉన్నాయి. ఎప్పుడో లోకం వెచ్చబడి, మంచు కరిగి, సముద్రం ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. మళ్ళీ వెచ్చబడితే మళ్ళీ వస్తుంది."

ఎల్లాజీ మొహం మాడిపోయింది. "పోసిన ముగ్గు సెరపకూడదు కదమ్మా!"

"నువ్వు పోసిందేటి?" అంది నూకాలు. "గంగమ్మతల్లి తనింటికి ఎప్పుడో ముగ్గు పోసేసుకుంది. ఆయమ్మ ఇంట్లో మనకేటి పని?"

అప్పుడు ఇంకాస్త ఎగువన తవ్వారు. అక్కడా తెల్లమట్టే. ఆ తర్వాత ఎర్రదిబ్బ ఎక్కి తవ్వారు. ఎంత లోతు తవ్వినా ఎర్రమట్టే, ఒక్క గుల్లా లేదు. ఈసారి బియ్యప్పిండితో ముగ్గు పోస్తే, చీమలొచ్చి ఒక గోడంతా తినేశాయి! ఎల్లాజీ తిట్టుకుంటూ మళ్ళీ పోశాడు. నూకాలు మాత్రం కడుపారా నవ్వింది.

ఆ ఏడే తుఫాను వచ్చింది. సముద్రం లేచి, ఊరు దాటి, పల్లంలోకి నడిచి వచ్చింది. నూకాలు వేసిన పద్మాన్ని తీసుకుని, తన పాత ఇంట్లో కాసేపు పడుకుని వెళ్ళిపోయింది. దిబ్బ మీద ఉయ్యాల్లో పాప నిద్రైనా లేవలేదు.

ఆ పాప ఎవరంటావా? నేనేనే పిచ్చిమొద్దూ. నూకాలు మా అమ్మ. ఆ ఉయ్యాల కట్టిన దూలం అదిగో, నీ తల మీదే ఉంది. ఆ హోరు వింటున్నావా? సముద్రం తన చిన్న చిన్న గదులన్నీ తిరిగి చూసుకుంటోంది. భయం లేదు, ఇది మన గది. కళ్ళు మూసుకో.

కథ కంచికి, గుల్ల కడలికి,
మనం ఇంటికి, కునుకు కంటికి.